జ్ఞాపకమునకు జన్యువు లొంగు విధము: ఒక గ్రంథ విమర్శ

ఎరిక్ కాండెల్ 2006లో వెలువరించిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ మెమరీ' ఆత్మకథయు, శాస్త్రచరిత్రయు కలసిన ఆంగ్ల గ్రంథము. 1929లో వియన్నాలో జన్మించి, 1939లో అమెరికా చేరిన ఈయన 2000లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమానమును మరి ఇద్దరితో పంచుకొనెను.

కొద్దిసేపటికే చెరిగిపోవు జ్ఞాపకమునకును, చిరకాలము నిలుచు జ్ఞాపకమునకును భేదమేమి? ఈ ప్రశ్నయే గ్రంథమునకు ప్రాణము. సమాధానమును కాండెల్ సుమారు 20,000 నాడీకణములు మాత్రమే గల అప్లీసియా అను సముద్రపు నత్తలో వెదకెను. దాని జ్ఞాననాడికి సెరొటోనిన్ ఒక్కమారు తగిలినచో, ఉన్న ప్రోటీనులే మార్పు చెంది నాడీసంధి కొద్దిసేపు బలపడును. విరామములిచ్చి ఐదుమార్లు తగిలినచో, ప్రోటీన్ కైనేజ్-ఏ అను ఎంజైము కేంద్రకములో ప్రవేశించి, 'క్రెబ్' అను ప్రోటీనునకు ఫాస్ఫేటును తగిలించును. అంతట కొన్ని జన్యువులు మేల్కొనును. వాని వలన క్రొత్త ప్రోటీనులు తయారై, క్రొత్త నాడీసంధులు మొలచును.

కేంద్రకము ఒక్కటి, నాడీసంధులు వేలు. మరి బలము తగిన చోటికే ఎట్లు చేరును? రచయిత ఈ చిక్కును దాటవేయలేదు. ఒకే జ్ఞాననాడి రెండు కొమ్మలతో రెండు చాలకనాడులను తాకునట్లు పెంచి, ఒక కొమ్మపైననే సెరొటోనిన్ చల్లగా, ఆ కొమ్మయే బలపడినదని ఆయన ప్రయోగశాల 1997లో చూపెను. కేంద్రకము పంపిన సరకును గుర్తు పడిన సంధియే వాడుకొనునన్నమాట. గ్రంథములో మిక్కిలి మెచ్చదగిన ఘట్టమిది.

కథ ఇంత నున్నగా సాగుటయే నా అభ్యంతరము. క్రెబ్‌ను జ్ఞాపకమునకే పుట్టిన మీటయని పాఠకుడు భ్రమపడవచ్చును. ఉపవాసవేళ కాలేయములో గ్లూకోజు తయారీకి తోడ్పడునదియు ఈ క్రెబ్బే! ఏ కణములో ఏ జన్యువులు తెరచియున్నవి, తోడు ప్రోటీనులేవి అనుదానిని బట్టి ఫలితము మారును. క్షీరదముల మెదడులో కాల్షియము ముఖ్యమైన వార్తాహరుడు. అది నాడీకణములోనికి ఏ ద్వారమున వచ్చినదను దానిని బట్టి జన్యువుల స్పందన మారునని బేడింగ్, గింటీ, గ్రీన్‌బర్గ్‌లు 1993లోనే చూపిరి. నత్తనుండి మనిషికి వచ్చునపుడు పాఠకుడు ఈ భేదమును మరువరాదు.

అయినను గ్రంథసారము అమూల్యము. 'మా వంశములోనే జ్ఞాపకశక్తి లేదండీ' యని నిరాశపడు విద్యార్థులు మన తరగతులలో కలరు. జన్యువు తలరాత కాదు. అభ్యాసము పిలిచిన పలుకునది కూడ. క్రెబ్ ఒక్కటే సర్వస్వము కాదని ముందుగా చెప్పి, ఈ పుస్తకమును వారి చేతికీయవచ్చును.