తుపాకీ నిలబెట్టిన ఊరు, పిల్లవాణ్ణి నిలబెట్టిన ఊరు

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని ఒట్టి మాధవరం అనేవాళ్ళు తక్కువ. మిలటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి తమ ఊరి నుంచి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్ళారని అక్కడివాళ్ళు లెక్క చెబుతారు. ఇంటికొకరైనా సైన్యంలో ఉండటం ఆ ఊరి ఆనవాయితీ. పిల్లలకు మేజర్, కెప్టెన్, సుబేదార్ అని పేర్లు పెట్టుకున్న ఇళ్ళున్నాయని పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. ఆ ఊరు తన యుద్ధ స్మారకాన్ని ఢిల్లీ అమర్ జవాన్ నమూనాలో కట్టుకుంది.

ఫ్రాన్స్ నడుమ క్రూజ్ జిల్లాలో, మిల్‌వాష్ పీఠభూమి మీద జాంత్యూ అనే చిన్న పల్లె ఉంది. 1914-18 యుద్ధంలో పోయిన తన మనుషుల కోసం ఆ పల్లె 1922లో ఒక స్మారకం కట్టింది. ఈ రెండు ఊళ్ళకూ చుట్టరికం లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూడాలి. ఎందుకంటే రెండు చోట్లా అసలు మనిషి, యుద్ధానికి వెళ్ళిన సైనికుడు, కనబడడు. అతని స్థానంలో ఒక ఊరు అతని ఆయుధాన్ని నిలబెట్టింది, ఇంకో ఊరు అతని బిడ్డను నిలబెట్టింది. ఈ ఎంపికలోనే ఆ ఊళ్ళకు యుద్ధంతో ఉన్న సంబంధమంతా బయటపడుతుంది.

జాంత్యూలో విజయదేవత లేదు, ఎగిరే జెండా లేదు. పేర్లు చెక్కిన రాయి ఉంది. దాని ముందు బడి వయసు పిల్లవాడు, ఒక అనాథ. ఒంటి మీద బడి అంగీ, కాళ్ళకు కొయ్యబూట్లు. ఒక చేత్తో టోపీ తీసి పట్టుకున్నాడు. రెండో చెయ్యి పిడికిలి బిగించి రాతి మీది మాటల వైపు చాచాడు. ఆ మాటలు: యుద్ధం నాశనమైపోను.

టోపీ తియ్యడం తండ్రికిచ్చే మర్యాద. పిడికిలి బిగించింది తండ్రిని మింగినదాని మీద. ఒక్క ఒంటిలో ఒక చేతికి భక్తిని, ఇంకో చేతికి ఆగ్రహాన్ని అప్పగించడం ఆ శిల్పంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనబడే విషయం. రెంటిలో ఏది తగ్గినా బొమ్మ చెడిపోయేది. పిడికిలి ఒక్కటే ఉంటే అది గోడ మీది నినాదం అయ్యేది, తీసిన టోపీ ఒక్కటే ఉంటే అన్ని శ్మశానాల్లో ఉండే దేవదూత అయ్యేది.

ఆ కాలంలో ఇది ఎంత సాహసమో తెలియాలంటే చుట్టుపక్కల ఊళ్ళు ఏం చేశాయో చూడాలి. యుద్ధంలో ఫ్రాన్స్ 14 లక్షల మందిని పోగొట్టుకుంది. 1919 అక్టోబరు 25న ఒక చట్టం వచ్చింది, స్మారకాలు కట్టుకునే ఊళ్ళకు ప్రభుత్వం సాయం చేస్తుందని. దేశంలో ఉన్న దాదాపు 36 వేల కమ్యూన్లలో చాలా భాగం కొద్ది ఏళ్ళలోనే కట్టేశాయి. పోత కర్మాగారాలు కేటలాగులు అచ్చువేసి పంపాయి. గెలిచి నిలబడ్డ సైనికుడి బొమ్మ ఒక్క అచ్చులోనే పోసి వందల ఊళ్ళకు చేరింది. జాంత్యూ కూడా ఆ కేటలాగు తెరిచి, తన తాహతుకు తగ్గ బొమ్మ ఎంచుకుని, ప్రభుత్వ ప్రతినిధి చేత తెర తీయించుకుని ఉండవచ్చు. అలా చేయలేదు. ఊరి మేయర్ జూల్ కుటో స్వయంగా యుద్ధంలో విషవాయువు బారిన పడి వచ్చినవాడు. పైగా క్రూజ్ అంటే రాతిపని సీమ. ఒకప్పుడు ఏటా పారిస్‌కు వలసపోయి ఇళ్ళు కట్టిన తాపీమేస్త్రీలకు పేరుపడ్డ జిల్లా. రాయితో ఏం చెప్పించవచ్చో వాళ్ళకు ఒకరు నేర్పనక్కరలేదు.

ప్రభుత్వం తరఫున ఆ స్మారకాన్ని ఆవిష్కరించడానికి అధికారులు ఒప్పుకోలేదు. దగ్గర్లోనే లా కుర్తీన్ సైనిక శిబిరం ఉంది. రష్యా నుంచి ఫ్రాన్స్ తరఫున పోరాడటానికి వచ్చిన సైనికులు 1917లో ఇక పోరాడబోమని తిరగబడింది ఆ శిబిరంలోనే. అక్కడికి వెళ్ళే దళాలు జాంత్యూ దాటేటప్పుడు ఆ పిల్లవాణ్ణి చూడకుండా తల తిప్పుకోవాలని ఆజ్ఞ ఉండేదని చెబుతారు. ఇప్పటికీ ఏటా నవంబరు 11న శాంతివాదులు అక్కడ చేరతారు.

ఇది చదివిన వెంటనే మాధవరాన్ని తక్కువ చేయాలనిపిస్తుంది. ఒక ఊరు సొంత గొంతుతో మాట్లాడింది, ఇంకో ఊరు రాజధాని నుంచి నమూనా తెచ్చుకుంది అని తేల్చెయ్యడం తేలిక. అది తొందరపాటు తీర్పు. మాధవరం ఏ నమూనా తెచ్చుకుంది, అది ఎక్కడ పుట్టింది అని అడిగితే కథ లోతుకు పోతుంది.

అమర్ జవాన్ అంటే నల్లరాతి దిమ్మె మీద బోర్లించి నిలిపిన తుపాకీ, దాని మీద సైనికుడి ఇనుప టోపీ. 1971 బంగ్లాదేశ్ యుద్ధం ముగిశాక ఇండియా గేటు కింద ఏర్పాటు చేసి 1972 జనవరి 26న ఇందిరా గాంధీ చేత ప్రారంభింపజేశారు. ఆ ఇండియా గేటు ఎవరి కోసం కట్టింది? ల్యూటెన్స్ గీసిన నమూనాతో, బ్రిటిష్ రాజు కోసం పోరాడి చనిపోయిన భారతీయ సైనికుల కోసం. 1931లో ఆవిష్కరించారు. అంటే రాజు కొలువులో చచ్చినవాళ్ళ కమాను కింద గణతంత్రం కోసం చచ్చినవాళ్ళ తుపాకీ వెలిసింది. మాధవరం సమస్యా సరిగ్గా ఇదే. ఆ 90 మంది, ఆ 1,110 మంది ఎవరి సైన్యంలో వెళ్ళారు? స్వతంత్ర దేశం వాళ్ళను ఏమని పిలవాలి? ఢిల్లీ ఈ ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పకుండా రెంటినీ ఒకచోట చేర్చింది. మాధవరం ఆ చేర్పునే ఇంటికి తెచ్చుకుంది. ముత్తాత రాజు సైన్యంలో, మనవడు గణతంత్ర సైన్యంలో పనిచేసిన ఇళ్ళకు అంతకన్నా పనికొచ్చే గుర్తు దొరకదు. 2022 జనవరిలో ఢిల్లీలో ఆ తుపాకీ దగ్గర వెలిగే జ్యోతిని ఇండియా గేటు నుంచి తీసి, స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవారి జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపేశారు. రాజధానిలో విడిపోయిన రెండు తరాలు మాధవరంలో ఇంకా ఒక్క నీడనే ఉన్నాయి. అరువు తెచ్చుకున్న రూపమే అయినా, ఈ పాటికి ఊరు దాన్ని సొంతం చేసుకుంది.

జాంత్యూ ఆగ్రహాన్ని మాధవరానికి అరువు ఇవ్వడం కుదరదు కూడా. ఆ కాలపు ఫ్రాన్సులో సైన్యం నిర్బంధం. వయసొచ్చిన మగవాడు వెళ్ళి తీరాల్సిందే, తీసుకుపోయినవాళ్ళ మీద కోపం రావడం సహజం. మన దగ్గర వలసపాలనలో చేరిక పేరుకైనా ఇష్టపూర్వకం. మొదటి యుద్ధం చివరి ఏళ్ళలో పంజాబులో బలవంతాలు జరిగాయి, అది వేరే చరిత్ర. చాలామందికి సైన్యమంటే నెలనెలా జీతం, మూడు పూటలా తిండి, ముసలితనంలో పెన్షన్, ఊళ్ళో నలుగురిలో కుర్చీ. ఆ జీతంతో అప్పు తీర్చుకున్న ఇంటి ముందు యుద్ధాన్ని తిట్టే రాయి నిలబెడితే అది బతికున్న కొడుకుల అన్నాన్ని తిట్టడమవుతుంది. ఇవాళ కూడా ఆ ఊరి పిల్లలు సరిహద్దుల్లో ఉన్నారు. జాంత్యూ రాయి ముగిసిన లెక్క. మాధవరం రాయి ముందు లెక్క ఇంకా నడుస్తోంది.

మరి మాధవరం స్మారకంలో లోటు లేదా? ఉంది. తుపాకీ, టోపీ చాలా గౌరవమైన గుర్తులే గాని, వాటిలో ఇంటికి చోటు లేదు. భర్తను బర్మాకో మెసపొటేమియాకో పంపి పొలం, గొడ్డు, పిల్లలు, అత్తమామలు అన్నీ ఒక్కచేత్తో ఈడ్చుకొచ్చిన ఆడవాళ్ళు ఏ సైనిక గ్రామానికైనా వెన్నెముక. సైనికుల ఊరంటే వాళ్ళ ఊరే. అమర్ జవాన్ రూపంలో వాళ్ళు ఎక్కడా కనబడరు. జాంత్యూ పిల్లవాడు శాంతివాది కావడం కన్నా, మిగిలిపోయినవాడు కావడమే నాకు ముఖ్యం. యుద్ధం పర్యవసానాన్ని మోసేది ఇల్లు అని ఆ పల్లె గుర్తుపెట్టుకుంది. ఈ ఒక్క విషయంలో జాంత్యూ మాధవరం కన్నా ముందుంది, అందులో నాకు సందేహం లేదు.

ఆయుధం మీద మోజు మాధవరానికే పరిమితం కాదు. ఇప్పుడు పాకిస్తానులో ఉన్న చక్వాల్ ప్రాంతపు దుల్మియాల్ నుంచి మొదటి యుద్ధానికి 460 మంది వెళ్ళారు. బహుమానంగా ఏం కావాలని బ్రిటిష్ వాళ్ళు అడిగితే ఆ ఊరు ఫిరంగి కోరుకుందట. 1925లో ఇచ్చారు, ఇప్పటికీ అక్కడే ఉంది. స్కాట్లండులో పోసిన ఫిరంగి ఒక పంజాబీ ఊరికి గుర్తుగా మిగిలింది. దాన్ని చూసినవాడికి దొర దయ తెలుస్తుంది, వెళ్ళిన మనుషులు తెలియరు. మాధవరం తుపాకీ దానికన్నా ఎంతో మేలు. బోర్లించి ఉంది గనుక అది శోకం చెబుతుంది, బహుమానం చెప్పదు.

విచారించాల్సింది ఏమిటంటే, యుద్ధంలో పోయినవాణ్ణి రాతి మీద నిలబెట్టడం మనకు తెలియని విద్య కాదు. రాయలసీమలో, పల్నాటిలో ఉన్న వీరగల్లులు చూడండి. రాతి మీద మనిషే ఉంటాడు. కింది పట్టీలో కత్తి దూసి పోరాడుతూ, పైన అప్సరసలు స్వర్గానికి తీసుకుపోతూ, ఆపైన శివలింగం ముందు. ఊరి పశువుల మందను తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాడు కావచ్చు, పక్క ఊరితో తగాదాలో కావచ్చు. శాసనమున్న రాళ్ళు అతను ఎవరో, ఎందుకోసం పోయాడో చెబుతాయి. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ వీరుల గుడి ఉంది. ఏటా కార్తీకంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అంటూ ఐదు రోజులు ఆ యుద్ధం మళ్ళీ నడుస్తుంది. ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు ఆయుధాలు ఎత్తుకొస్తారు. అక్కడ ఆయుధం ఉంది, ఆ పక్కనే పేరూ ఉంది. బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు అని పిలిచి మరీ కొలుస్తారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి చావుకు పేరు నిలబెట్టుకున్న నేల ఇది.

ఆ పేరును సామ్రాజ్యం అంకెగా మార్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పంజాబు నుంచి మద్రాసు దాకా ఎన్నో ఊళ్ళల్లో చిన్న పాలరాతి పలకలు పెట్టారు. అన్నిటి మీదా ఒకటే వాక్యం: ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. అంకె ఒక్కటే మారుతుంది. పేర్లుండవు. 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకం ఇంకా కఠినం. మెసపొటేమియాలో చనిపోయి సమాధి దొరకని 40 వేల మందికి పైగా సైనికుల కోసం కట్టింది అది. బ్రిటిష్ సైనికులకు పేర్లు, భారతీయ అధికారులకు పేర్లు. మామూలు భారతీయ సిపాయిలకు మాత్రం పటాలం పేరు కింద ఇంతమంది అని సంఖ్య. అందరికీ సమాన గౌరవం అని ప్రకటించుకున్న, సామ్రాజ్యపు యుద్ధ సమాధుల్ని చూసుకునే సంస్థే ఇలా చేసింది. తూర్పు దేశాలవారు, ఆఫ్రికావారు కనీసం 1,16,000 మంది పేరు లేకుండానో అసలు గుర్తింపే లేకుండానో మిగిలిపోయారని 2021 ఏప్రిల్‌లో ఆ సంస్థ నివేదికే ఒప్పుకుంది. భారతదేశం నుంచి వెళ్ళినవారు 13 లక్షలకు పైగా, చనిపోయినవారు 74 వేలు.

జాంత్యూ పిల్లవాడి వెనక రాతి మీద ఉన్నవి పేర్లు. మాధవరం గురించి ఎవరు చెప్పినా, ఎవరు రాసినా మొదట వచ్చేది 90, ఆ తర్వాత 1,110. ఈ అంకెల్ని గర్వంగా తలుచుకోవడంలో తప్పు లేదు. కానీ వెళ్ళినవాళ్ళను లెక్కపెట్టడం సైన్యంలో చేర్చుకునే అధికారి పద్ధతి. రానివాళ్ళను పేరుపేరునా పిలవడం ఊరి పద్ధతి, కారెంపూడి పద్ధతి. తెలుగు సైనికుల ఊళ్ళు అధికారి పద్ధతిని వదిలి తమ పద్ధతికి రావాలని నా కోరిక. అదీ ఇంటిపేరుతో సహా, ఇల్లు నడిపిన భార్య పేరుతో సహా.

పంజాబుకు ఈ పనిలో అదృష్టం కలిసొచ్చింది. ఊరివారీగా రాసిన సైనిక రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దొరికాయి, మూడు లక్షలకు పైగా పేర్లున్న వాటిని 2021 నుంచి జనం వెతుక్కునేలా అందుబాటులోకి తెస్తున్నారు. మన ఊళ్ళు వేరే అధికారి కోసం ఎదురుచూడకుండా ఇళ్ళల్లోనే మొదలుపెట్టవచ్చు. ట్రంకుపెట్టెల్లో డిశ్చార్జి కాగితాలు, పెన్షన్ పుస్తకాలు ఉంటాయి. మొదటి యుద్ధానికి ఇచ్చిన వెండి పతకం దొరికితే దాని అంచును భూతద్దంతో చూడాలి. సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం అక్కడ చెక్కి ఉంటాయి. సిపాయిలుగా కాక మోతకో వంటకో వెళ్ళినవాళ్ళకు అదే పతకం కంచులో ఇచ్చారు, వాళ్ళనూ జాబితాలో చేర్చాలి. బస్రాలో రాతి మీద రాయడానికి నిరాకరించిన పేరును అదే సామ్రాజ్యం పతకం అంచున రాసి పంపింది. దాన్ని అక్కడి నుంచి ఎత్తి ఊరి రాతి మీద రాయించడానికి పంచాయతీ తీర్మానం, ఒక శిల్పి కూలి చాలు.