ద్వీపయాత్రాప్రసంగము – ఔచిత్యవిచారము

యాత్రావాఙ్మయమును విమర్శించువారు లిఖితగ్రంథములనే గ్రహించి, వాగ్రూపమైన యొక శాఖను విడిచినారు. అది బస్సులో మార్గదర్శకుడు యాత్రికులకు జేయు ప్రసంగము. స్థలములను మార్గక్రమమున వర్ణించి, ఒక్కొక్కదాని కొక్క కథను జోడించుటచే నిది మన స్థలపురాణమునకు సజాతీయము. కావున దీనిని కావ్యధర్మములచే బరీక్షించుట తప్పు కాదు.

మారిషసు ద్వీపమున దక్షిణభాగమును జూపు ఒకదినపు బస్సుయాత్రలో నేను వినిన ప్రసంగము నుదాహరణముగా గైకొందును. క్యూర్‌పీప్ పట్టణమునందలి అగ్నిపర్వతబిలము, 108 అడుగుల శివవిగ్రహము గల గంగాతలావు, షమరేలునందలి సప్తవర్ణమృత్తిక – ఇవి యందలి ప్రధానస్థలములు. మార్గదర్శకుని స్వభావోక్తి ప్రశంసనీయము. అగ్నిపర్వతశిల శిథిలమై మన్నగుటయు, అందలి యినుము, అల్యూమినియము ఆక్సైడులు వన్నెలకు హేతువగుటయు నతడు పామరులకును సుబోధముగా వివరించెను.

ఇక దోషము. మార్గమున కిరుప్రక్కల చెఱకుతోటలలో బెక్కుచోట్ల నల్లఱాతికుప్పలు గలవు. నా ప్రక్కనున్న వృద్ధు డొకడు "ఇవి సమాధులా?" యని యడుగగా, మార్గదర్శకుడు "కావు, ఉత్త ఱాళ్లు" అని యూరకుండెను. అవి ఉత్త ఱాళ్లు కావు. సేద్యమునకై బానిసలును, తరువాత మన దేశమునుండి యొడంబడికపై వచ్చిన కూలీలును చేతులతో నేఱి పేర్చినవి. 1834 మొదలు 1920 వఱకు నట్లు వచ్చి యా ద్వీపమున దిగినవారు సుమా రైదులక్షలు. వారిలో దెలుగువారును గలరు. కోరంగిరేవు పేరే వారికి 'కొరింగీ'లను వాడుకపేరయ్యెను.

ఔచిత్యమే కావ్యమునకు జీవితమని క్షేమేంద్రుని మతము. ఏడువన్నెల మన్నునకు నరగంటసేపు వెచ్చించి, మన్నును సాగునకు దెచ్చినవారికి నొక్కవాక్యమైన నీకుండుట ఔచిత్యభంగము. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచవారసత్వస్థలముగా గుర్తింపబడినది. కాని యది రాజధానియగు పోర్ట్ లూయీలో నుండుటచే దక్షిణమార్గమున బోవువానికి గానరాదు. వాని కన్నులబడు సాక్ష్య మీ కుప్పలే.

వినోదార్థము వచ్చినవారికి శోకకథ లేల యని కొంద రందురు. నేను విలాపమును గోరుట లేదు. దేవాలయమును వర్ణించునపుడు కట్టించినవానిని స్మరించుట మనకు వాడుకయే గదా! "ఇవి మనుష్యులు చేతులతో నేఱిన ఱాళ్లు" అను నొక్కమాటకు బస్సును నిలుపవలసిన పనియు లేదు. ఆ వృద్ధుని ప్రశ్నకు దగిన యుత్తర మదియే.