పట్టు వదలని పళ్ళు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఆటోనగర్‌లో ఎటు చూసినా బురద పట్టిన కార్లే. వాటిలో ఓ పాత టొయోటా హైబ్రిడ్ సెడాన్ ఉంది. ఇన్సూరెన్సు వాళ్ళు ఇక పనికిరాదని రాసేస్తే, మా మెకానిక్ సామాన్ల కోసం కొన్నాడు. "గేరుబాక్సు దించుతున్నా. చూస్తానన్నారుగా, వచ్చేయండి సార్" అని ఫోన్ చేశాడు. చేతిలో పని వదిలేసి పరిగెత్తాను.

నాకు కార్ల పిచ్చి పాతికేళ్ళది. కొత్త మోడల్ వచ్చిందంటే షోరూముకి వెళ్ళి బానెట్ ఎత్తించి చూస్తే గాని నిద్రపట్టదు. ఇప్పుడు బానెట్ ఎత్తమంటే సేల్స్ కుర్రాడు తెర ఎన్ని అంగుళాలో, సన్‌రూఫ్ ఎంత తెరుచుకుంటుందో చెప్పడం మొదలుపెడతాడు. వాటిని తక్కువ చేసి మాట్లాడను. అయితే ఈ పాతికేళ్ళలో కార్ల తయారీలో నేను చూసిన పనితనమంతటిలోకీ గొప్పది ఆ రోజు కిరసనాయిలు ట్రేలో కడిగి పెట్టిన చక్రాల సెట్టు.

మెకానిక్ ముందుగా బ్యాటరీ దగ్గరి సర్వీస్ ప్లగ్గు పీకాడు. రబ్బరు తొడుగులు వేసుకుని నారింజ రంగు వైర్లు విప్పాడు. ఆ రంగు వైరంటే ప్రాణం తీసే వోల్టేజి అని గుర్తు. పెట్టె తెరిచాక చూస్తే అందులో ఉండాల్సినవేవీ లేవు. గేర్లు మార్చే ఫోర్కులు లేవు, సింక్రోనైజర్ రింగులు లేవు, సీవీటీ బెల్టు లేదు, టార్క్ కన్వర్టరూ లేదు. ఇంజిను వైపు గుండ్రంగా ఏదో కనబడితే క్లచ్ ప్లేటనుకున్నాను. కాదు, కుదుపులు మింగే స్ప్రింగుల డ్యాంపరది. రెండు రాగి తీగల మోటార్లు, వాటి మధ్య దోసిట్లో పట్టేంత చక్రాల సెట్టు. అంతే.

నడుమ సూర్యచక్రం. దాని చుట్టూ నాలుగు చిన్న చక్రాలు. వాటన్నిటినీ చుట్టుకుని, లోపలివైపు పళ్ళున్న కడియంలాంటి పెద్ద చక్రం. ప్లానెటరీ గేరు అంటారు. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీలోనూ ఈ జాతి చక్రాలే ఉండేవి. అక్కడ బ్యాండు బిగించి ఒక్కో భాగాన్ని ఆపితే గేరు మారేది. ఇక్కడ ఏ భాగాన్నీ ఆపే పనిలేదు.

సుద్దతో ఒక పన్ను మీద గీత గీసి లెక్కపెట్టాను. సూర్యచక్రానికి 30. కడియానికి 78. అయితే చిన్న చక్రానికి 24 ఉండాలి. నడుమ 30, అటూ ఇటూ 24 చొప్పున వేస్తేనే కదా 78. లెక్కపెడితే 23 వచ్చాయి. పొరబడ్డానేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. 23 మాత్రమే.

దీని గుట్టు గేర్లు కోసే పనివాళ్ళకు తెలుసు. 24నూ 30నూ 6 భాగిస్తుంది. అందుకని 24 పళ్ళ చక్రం పెడితే, దాని ఒక్కో పన్ను ఎన్నిసార్లు తిరిగినా ఎదుటి 30లో అవే అయిదు పళ్ళతో తగులుతుంటుంది. ఒక పంటికి గరుకుంటే ఆ అయిదే అరుగుతాయి. 23 ప్రధాన సంఖ్య, ఈ 30తోగానీ 78తోగానీ దానికి పొత్తు లేదు. ఒక్కో పన్ను లోపలివైపు 30 పళ్ళనూ, బయటివైపు 78 పళ్ళనూ వంతులవారీగా పలకరించి వస్తుంది. అరుగుదల అందరికీ సమానంగా పంచినట్టు. మరి ఒక పన్ను తగ్గితే చక్రం చిన్నదై సందు పడాలిగా? పడకుండా పళ్ళ ఆకారాన్నే కాస్త జరిపి కోశారు. కారు కొన్నవాడు జన్మలో చూడని చోట, ఒక్క పన్ను గురించి ఇంత ఆలోచించారు.

కడియాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. లోపలివైపు రెండు వరసల పళ్ళు. ఒక వరస ఈ సెట్టుకి, రెండోది మోటారు వేగాన్ని తగ్గించే పక్క సెట్టుకి. బయటివైపు కారు చక్రాలకు బలం పంపే గేరు, దాని పక్కన పార్కింగ్ లాక్ పడే గాడులు. నాలుగు పనులకూ ఒకే ఉక్కు ముక్క. నాలుగింటికీ కేంద్రం వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకటే కావాలి, లేకపోతే మోత మొదలవుతుంది. గోరుతో మీటితే కంచుగిన్నెలా ఖంగుమంది.

ఇది ఎలా నడుస్తుందో మా అమ్మకు కావడి పోలికతో చెప్పాను. రెండువైపులా బరువు సమానం కానప్పుడు మోసేవాడు బద్దను నడిమధ్యన భుజాన పెట్టుకోడు, బరువు ఎటుంటే అటు జరుపుకుంటాడు. ఇక్కడ భుజం ఇంజిను. నాలుగు చిన్న చక్రాలను పట్టుకున్న చట్రానికి దాన్ని కలిపారు. ఒక కొసన కడియం, దాని వెనక కారు చక్రాలు. రెండో కొసన సూర్యచక్రం, దానికి రెండు మోటార్లలో జనరేటరుగా పనిచేసేది. భుజం కడియం వైపు జరిగి ఉంటుంది. అందుకే ఇంజిను మెలితిప్పే బలంలో నూటికి 72 పాళ్ళు చక్రాలకు, 28 పాళ్ళు జనరేటరుకు పోతాయి. ఆ వాటా పళ్ళ లెక్కలోనే రాసిపెట్టి ఉంది, మారదు.

మారేది వేగం. కావడిలో ఎత్తును వేగమనుకోండి. కారు ఆగి ఉంటే కడియం కొస నేలకు ఆని ఉన్నట్టు. భుజం కొంచెం లేస్తే చాలు, అవతలి కొస చాలా పైకి లేస్తుంది. ఇంజిను నిమిషానికి 1000 చుట్లు తిరిగితే జనరేటరు 3600 చుట్లు తిరిగి బ్యాటరీ నింపుతుంది, కారు అంగుళం కదలదు. ఇంజిను ఆగి కారు మోటారు మీద పోతుంటే భుజం నేలకు ఆనుతుంది, జనరేటరు కొస నేల కిందికి దిగుతుంది. అంటే కడియానికి 2.6 రెట్ల వేగంతో వెనక్కి తిరుగుతుంది. దానికీ ఓ హద్దుంది కాబట్టి టొయోటా రెండో తరం ప్రియస్‌లో గంటకు సుమారు 67 కిలోమీటర్లు దాటాక ఇంజినును తిప్పక తప్పేది కాదు. కావడి ఎంత ఒరగాలో కంప్యూటరు జనరేటరు వేగంతో తేలుస్తుంది. ఇందులో గేరు మారడమంటే అదే. ఏ చక్రం పళ్ళూ మరో చక్రం పళ్ళ పట్టు వదలవు.

క్లచ్ ప్లేటు కాలిన వాసన ఒక్కసారి ముక్కుకు తగిలినవాళ్ళకే దీని విలువ తెలుస్తుంది. మారేడుమిల్లి ఘాట్‌లో లారీ వెనక హాఫ్ క్లచ్ మీద గంటసేపు పాకి నా పాత కారు ప్లేటు కాల్చుకున్నాను. ఇందులో కాలడానికి ప్లేటే లేదు. సెల్ఫ్ మోటారు లేదు, జనరేటరే ఇంజినును తిప్పి లేపుతుంది. డైనమో లేదు. రివర్స్ గేరు లేదు, మోటారు వెనక్కి తిరిగితే కారు వెనక్కి పోతుంది.

ఇంజిను కూడా ఈ పొత్తుకు తగ్గట్టు మలిచిందే. 1882లో జేమ్స్ అట్కిన్‌సన్ పేటెంటు తీసుకున్న ఆలోచన దీనికి మూలం. గాలి వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, పిస్టన్ పైకి వచ్చేటప్పుడు కొంత గాలి వచ్చిన దారినే పోతుంది. నొక్కేది తక్కువ, మండాక నెట్టేది ఎక్కువ దూరం. పెట్రోలు మిగులుతుంది గానీ తక్కువ వేగంలో ఊపు ఉండదు. ఆ లోటు మోటారు పూడుస్తుంది, ఎందుకంటే మోటారు బలమంతా మొదటి అడుగులోనే.

ఒక లోపం చెప్పకపోతే న్యాయం కాదు. ఓవర్‌టేక్ చేద్దామని గట్టిగా తొక్కితే ఇంజిను ఒక్కసారిగా పైకి వెళ్ళి అక్కడే మోగుతూ ఉంటుంది, కారు తీరిగ్గా వేగం అందుకుంటుంది. గేరు లివరు మీద చెయ్యేసి పెరిగిన నాలాంటివాళ్ళకు అది ఇప్పటికీ వెలితే.

ఈ ఆలోచన టొయోటా పుట్టించింది కాదు. 1971 నాటికే అమెరికాలో టీఆర్‌డబ్ల్యూ ఇంజినీర్లు ఇలాంటి అమరికను కాగితం మీద పెట్టారు. దాన్ని ఊరంతా తిరిగే కారుగా చేయడానికి మరో పాతికేళ్ళు పట్టింది. తకేషీ ఉచియమద నాయకత్వంలో టొయోటా బృందం 1995లో మొదటి నమూనా తయారుచేస్తే, అది 49 రోజులపాటు కదలనే లేదు. రెండేళ్ళ తర్వాత, 1997 డిసెంబరులో ప్రియస్ జపాన్ రోడ్డెక్కింది. ఆ 49 రోజులూ వాళ్ళు ఆ కారు చుట్టూ ఎలా తిరిగి ఉంటారో తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ వంశం చక్రాలే ఇప్పుడు బెంగళూరు దగ్గర బిడదిలో తయారయ్యే హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లలో తిరుగుతున్నాయి. మా బావమరిది నిరుడు హైరైడర్ కొన్నాడు. తిరుమల వెళ్ళి కొండ దిగుతూ కంగారుగా ఫోన్ చేశాడు. "బావా, యాక్సిలరేటర్ మీద కాలే లేదు, ఇంజిను మాత్రం గోల పెడుతోంది. ఆపేయనా?"

"ఆపకురా, దిగు" అన్నాను. దిగేటప్పుడు మోటారు చక్రాలను పట్టి ఉంచుతూ కరెంటు చేస్తుంది. హైరైడర్ బ్యాటరీ ముప్పావు యూనిట్ మాత్రమే, కొండ దిగకముందే నిండిపోతుంది. మిగిలిన కరెంటు ఎక్కడికి పోవాలి? జనరేటరుకు వెళ్ళి ఇంజినును తిప్పుతుంది. అందులో చుక్క పెట్రోలు మండదు, ఇంజిను ఉత్త గాలిపంపులా మారి కొండ వాలు తెచ్చే జోరును మింగేస్తుంది. బ్రేకులు వేడెక్కవు. వాడు విన్న గోల అదే.

అరగంటకి మళ్ళీ ఫోన్ చేశాడు. అలిపిరి దాటాక ఇంజిను దానంతట అదే ఆగిపోయిందట, కపిలతీర్థం దాకా కారు చప్పుడే లేకుండా వచ్చిందట.