మూత్రావయవముల కణితులు – రోబో శస్త్రచికిత్స: ఒక పరామర్శ

‘రోబో శస్త్రచికిత్స’ అను పేరే కొంత భ్రమకు కారణము. యంత్రము తనంతట తాను కోయదు. వైద్యుడు రోగికి కొంత దూరమున కూర్చుండి, లోపలి దృశ్యమును పెద్దదిగా చూచుచు వ్రేళ్లు కదల్పగా, పొట్టపై చిన్న రంధ్రములగుండ దిగిన సాధనములు ఆ కదలికల ననుసరించును. చేతి వణకు అందు అణగిపోవును. నేర్పు మాత్రము వైద్యునిదే.

ఈ చరిత్రలో తెలుగువారికి చోటు కలదు. డా విన్చీ యంత్రమునకు అమెరికాలో 2000లో అనుమతి లభించెను. మరుసటి యేట రాజ్ వట్టికూటి విరాళముతో డెట్రాయిటు హెన్రీ ఫోర్డు ఆసుపత్రిలో ఆయన పేర మూత్రవ్యాధుల సంస్థ వెలసెను. అచట డాక్టరు మణి మీనన్ ప్రోస్టేటు కాన్సరుకు ఈ పద్ధతిని క్రమబద్ధ మొనర్చెను.

అభిమానము వేరు, ప్రమాణము వేరు. ఎవరికే పద్ధతియో చీటీ వేసినట్లు నిర్ణయించి జరిపిన పరిశోధనలే ఇందు గణనీయములు. బ్రిస్బేనులో 326 మంది ప్రోస్టేటు రోగులపై జరిగి 2016లో వెలువడిన దానిలో రోబో పద్ధతియందు రక్తస్రావము చాల తగ్గినది. కాని పండ్రెండు వారములకు మూత్రనిగ్రహమున, దాంపత్యశక్తియందు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. మూత్రాశయ కాన్సరునకు 350 మందిపై అమెరికాలో జరిగిన పరిశోధన 2018లో ప్రకటింపబడెను: రెండేండ్లు వ్యాధి ముదరక నిలిచినవారు రోబో పద్ధతిలో నూటికి 72.3, పెద్దకోత పద్ధతిలో 71.6. అనగా వ్యాధిని జయించుటలో రెండును సమానములే. 2022 నాటి బ్రిటను పరిశోధనలో రక్తనాళములలో గడ్డలు కట్టుట 8.3 నుండి 1.9 శాతమునకు తగ్గుట మాత్రము రోగికి నిజమైన లాభము. మూత్రపిండమును పూర్తిగా తొలగించుటకు రోబో వలన మేలు స్వల్పము, ఖర్చు హెచ్చు. కణితిని మాత్రమే తీసి మిగిలిన పిండమును త్వరగా కుట్టవలసినచోట యంత్రమునకు న్యాయమైన స్థానము కలదు.

ఇక గంజాం మాట. 1936 వరకు చెన్నరాజధానిలో నుండిన ఈ సీమ తెలుగువారికి విశాఖపట్టణము అలవాటైన దిక్కు. బరంపురమున 1962లో నెలకొన్న వైద్యకళాశాల పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేర నున్నది. యంత్రము కొరకు పొలమమ్మి దూరనగరమునకు పోవు కుటుంబము ముందుగా అడుగవలసినది యంత్రము పేరు కాదు. ఆ వైద్యుడు అట్టి శస్త్రచికిత్సలు ఎన్ని చేసెను, వాని ఫలితములెట్టివి అని.

మరియొక విషయము ప్రచారపత్రములలో అరుదు. మూత్రాశయ కణితులలో నూటికి డెబ్బదియైదింటి వరకు తొలిదశలో కండరమునకు దిగవు. వీనిని మూత్రనాళముగుండ గొట్టము పంపియే గీకి తీయుదురు, రోబోతో పనిలేదు. కాని ఇవి మరల మరల పుట్టు స్వభావము కలవి. మొదటి పరీక్ష మూడు నెలలకు, పిమ్మట ఏండ్ల తరబడి. నొప్పిలేక మూత్రమున రక్తము కనబడిన అస్కా రైతు, ఛత్రపురం గుమాస్తా ఆ పరీక్షకు ప్రతి పర్యాయము రైలెక్కవలెనా, బరంపురముననే అది జరుగునా అనునది అతని ప్రాణముతో ముడిపడిన ప్రశ్న.