స్ఫటిక పాత్రలో తెలుగు

టైపోగ్రఫీ నేర్చుకునే గ్రాఫిక్ డిజైన్ విద్యార్థికి తొలిరోజుల్లోనే తారసపడే వ్యాసాల్లో బియాట్రిస్ వార్డ్ రాసిన ‘ది క్రిస్టల్ గాబ్లెట్’ ఒకటి. 1930లో లండన్‌లో ముద్రణరంగం వాళ్ళ ముందు చేసిన ప్రసంగమిది. వాదనంతా ఒక్క పోలిక మీద నడుస్తుంది. మేలురకం వైన్ తెచ్చి, ఎదురుగా నగిషీల బంగారు పాత్ర ఒకటీ, పల్చటి గాజుపాత్ర ఒకటీ పెడితే, రుచి తెలిసినవాడు గాజుదే అందుకుంటాడు. లోపలున్నది కనబడాలి కదా. అచ్చక్షరమూ అంతే, పాఠకుడి కంట పడకుండా భావాన్ని చేరవేసి తప్పుకోవాలి అంటుందామె.

చదవగానే ఒప్పేసుకోవాలనిపిస్తుంది. మంచి ఇంటర్‌ఫేస్ కంటికి ఆనకూడదని మా సాఫ్ట్‌వేర్ వాళ్ళూ అంటుంటారు. రాసినవాడి ముందు డిజైనర్ వినయంగా ఉండాలన్న ఆ మాటలో నీతి ఉంది, దానితో నాకు పేచీ లేదు. పేచీ పోలికతోనే.

వైన్‌కి పాత్ర లేకపోయినా ఉనికి ఉంటుంది, పీపాలో ఉంటుంది. అచ్చులో వాక్యానికి అలాంటి పీపా లేదు. ఏదో ఒక అక్షరరూపం తొడుక్కోకుండా అది పేజీ మీదకి రాలేదు. ఇక పారదర్శకత సంగతి. అది అక్షరంలో ఎంతుందో పాఠకుడి అలవాటులోనూ అంతే ఉంది. ఏది ఎక్కువగా చదువుతామో దాన్నే బాగా చదవగలుగుతామని టైప్ డిజైనర్ జుజానా లిచ్కో 1990లో అన్నది ఈ అర్థంలోనే.

వార్డ్ జీవితమే ఆమె పోలికని కాస్త ఇబ్బందిపెడుతుంది. 1926లో పాల్ బోజాన్ అనే మగపేరుతో రాసిన పరిశోధనలో, పారిస్ ప్రభుత్వ ముద్రణాలయంలో గారమాండ్‌వని పేరుపడ్డ అక్షరాలు నిజానికి పదిహేడో శతాబ్దపు జాఁ జానోఁవని తేల్చిందామె. అక్షరాల్ని అంతలా చూసిన మనిషి, వాటిని చూడక్కర్లేదని చెప్పింది. 1932లో పెర్పెచ్యువా పెద్దక్షరాల్ని చూపించడానికి ఆమె రాసిన ‘దిస్ ఈజ్ ఎ ప్రింటింగ్ ఆఫీస్’ అయితే ప్రెస్సుల గోడలకెక్కింది. అది చూడ్డానికి పెట్టుకున్న అక్షరమే. అంటే, కనబడకపోవడం పాఠకుడికి దక్కే సుఖం. దానికోసం ఇంకెవరో కళ్ళు కాయలు కాసేలా చూసివుండాలి.

తెలుగు దగ్గర ఈ ప్రశ్న మరీ సూటిగా తగులుతుంది. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు దిగుతుంది. పైన గుడి, దీర్ఘం ఉంటాయి. ఇంగ్లీషు కొలతలతో గీసిన బటన్‌లో ఇంత ఎత్తు పట్టాలంటే మూలాక్షరం చిక్కిపోవాలి, లేదా అడుగున ఒత్తు తెగిపోవాలి. ధకీ థకీ తేడా లోపలున్న ఒక్క చుక్క. సైజు తగ్గితే ముందు పూడిపోయేది అదే. ఫోన్‌లో బ్యాంకు సందేశం చదువుకునే పెద్దాయన అక్కడ ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, పక్కవాళ్ళని అడుగుతాడు. ఆయనకి అక్షరం కనబడుతూనే ఉంది, అర్థమే కనబడట్లేదు. లాటిన్ లిపికి శతాబ్దాల పనితో అమరిన గాజుపాత్ర, ఆయన చేతికి పగుళ్ళతో అందింది.

ఇంకో వైపు బాపు అక్షరాలున్నాయి. ఆ చేతిరాత ఫాంటుగా మారి శుభలేఖల మీదా పుస్తకాల అట్టల మీదా తిరుగుతోంది. మాట చదవకముందే అది బాపుదని గుర్తుపడతాం, ఒక చనువు, కాస్త హాస్యం అప్పుడే వినబడతాయి. వార్డ్ లెక్కన ఇది బంగారు పాత్ర. కానీ ఇష్టపడి అందుకున్నాం, పైగా రుచి పోలేదు. వార్డ్ ప్రధానంగా పుస్తకం లోపలి పేజీల గురించే మాట్లాడిందని ఆమె తరఫున అనొచ్చు, న్యాయమే. బాపు ఫాంటులో మూడొందల పేజీల నవల నేనూ చదవలేను.

అందుకే ఈ వ్యాసాన్ని తెలుగు విద్యార్థి తప్పక చదవాలి, కానీ ముగింపుగా తీసుకోకూడదు. అక్షరం కంటికి అడ్డురాకూడదన్న మాట సరే. ఎవరి కంటికి, ఏ సైజులో, ఏ తెర మీద అని వెంటనే అడగాలి. తెలుగుకి ఆ గాజు ఊదే పని ఇంకా చాలా మిగిలేవుంది. ఆ పని చేసేవాళ్ళు మాత్రం ప్రతి ఒత్తునీ, ప్రతి చుక్కనీ కళ్ళారా చూడాల్సిందే.