వేసిన దారి, వెతికిన దారి

నార్వేలో ఈస్టర్ సెలవులు రాగానే కుటుంబాలు స్కీలు బిగించి కొండలెక్కుతాయి. స్వీడన్‌లో జూలై వచ్చిందంటే వేల కుటుంబాలు పటం చూసి దారి వెతుక్కునే ఓరియంటీరింగ్ పోటీల కోసం ఏదో ఒక అడవి పక్కన గుడారాలు వేసుకుంటాయి. రెండూ ఇంటిల్లిపాది ఆటలే. కానీ ఒకటి కుటుంబాన్ని కలిపి నడిపిస్తుంది, ఇంకొకటి విడదీసి మళ్లీ కలుపుతుంది.

ఓస్లోను ఆనుకుని ఉన్న నూర్ద్‌మార్కా అడవిలో స్కీ దారులకు ఎర్ర గుర్తులు, వేసవి కాలిబాటలకు నీలం గుర్తులు ఉంటాయి. 1883లో పుట్టిన స్కీఫోరెనింగెన్ సంఘం యంత్రాలతో మంచును చదునుచేసి జంట గాడులు తీస్తుంది. చంటిబిడ్డను పుల్క్ అనే చిన్న జారుడు బండిలో పడుకోబెట్టి, ఆ బండిని తండ్రో తల్లో నడుముకు కట్టుకుని లాగుతారు. ఎంత వేగంగా వెళ్లాలో నిర్ణయించేది అందరికంటే చిన్నవాళ్లే. వాళ్లు అలిసిపోతే ఆగాలి, నారింజపండు ఒలవాలి, 1937 నుంచి అమ్ముతున్న క్విక్ లున్ష్ చాక్లెట్ విరిచి పంచాలి. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు.

ఓరియంటీరింగ్‌లో గాడి ఉండదు. చేతిలో పటం, దిక్సూచి ఉంటాయి. పటంలో గోధుమరంగు గీతలు ఎత్తుపల్లాలు, తెలుపు పరుగెత్తగలిగే అడవి, చిక్కటి ఆకుపచ్చ దూరలేని పొద. మొట్టమొదటి బహిరంగ పోటీ 1897లో నార్వేలోనే జరిగినా, దాన్ని జనంలోకి తెచ్చినవాడు స్వీడన్‌కు చెందిన ఎర్న్‌స్ట్ కిలాండర్. కుర్రాళ్లకు మామూలు పరుగు పందాలపై ఆసక్తి తగ్గుతోందని గమనించి, 1919లో స్టాక్‌హోమ్ దగ్గర ఆయన పోటీ పెట్టాడు. 1965లో మొదలైన ఓ-రింగెన్ అనే ఆ జూలై పోటీల్లో పదేళ్ల పిల్లలకూ తొంభై దాటిన వృద్ధులకూ వేర్వేరు తరగతులున్నాయి. తాత, తల్లి, మనవరాలు ఒకే అడవిలో మూడు వేర్వేరు దారుల్లో ఉంటారు. సాయంత్రం గుడారం ముందు మూడు పటాలూ పరిచి, ఎవరు ఎక్కడ దారి తప్పారో చెప్పుకుంటారు.

రెండింటికీ పునాది ఒకటే: పరాయి నేలమీద హాని చేయకుండా తిరిగే హక్కు. నార్వే దాన్ని 1957లో చట్టంగా రాసుకుంది. స్వీడన్‌లో అది ఆచారంగా వచ్చి, 1994లో రాజ్యాంగంలో చేరింది. లోపాలు మాత్రం వేరు. స్కీకి మంచు కావాలి, పిల్లలు ఎదిగే కొద్దీ కొత్త స్కీలూ కొత్త బూట్లూ కావాలి. ఓరియంటీరింగ్‌కు సామగ్రి ఖర్చు తక్కువ, కానీ పటం చదవలేని పసివాళ్లకు అందులో చోటు చిన్నది. చెట్ల మధ్య కట్టిన రిబ్బన్ల వెంట నడిచే దారే వాళ్లకు మిగులుతుంది.

అసలు తేడా తప్పు జరిగినప్పుడు తెలుస్తుంది. 1952లో వచ్చిన నార్వే కొండ నియమావళి, సమయానికి వెనుదిరగడంలో సిగ్గేమీ లేదని చెబుతుంది. ఓరియంటీరింగ్‌లో కూడా దారి తప్పినవాళ్లు కచ్చితంగా తెలిసిన చివరి చోటికి తిరిగి రావాలంటారు. పాఠం ఒకటే, కానీ కొండమీద ఆ నిర్ణయం పెద్దలది, అడవిలో పన్నెండేళ్ల పిల్లది. స్కీ ప్రయాణంలో ఓపిక నేర్చుకునేది ఎక్కువగా తల్లిదండ్రులు, బిడ్డ పొందేది వారి తోడు. పటం పట్టుకున్న బిడ్డకు దక్కేది తన నిర్ణయం మీద తనకు నమ్మకం.

అందుకే పసితనానికి నార్వే పద్ధతే మేలు. బడి ఈడు వచ్చాక స్వీడన్ పద్ధతికే నా ఓటు. కుటుంబమంతా ఆడే ఆట అన్నప్పుడు అందరూ ఒకే వరసలో నడవాలని మనం అనుకుంటాం. పిల్లను ఒంటరిగా అడవిలోకి పంపి, పటం మీద నమ్మకంతో ముగింపు గీత దగ్గర ఎదురుచూడటం కూడా కుటుంబం చేసే పనే. రెండింటిలో కష్టమైనది అదే.