భుజం కొలతకి బెల్టు

మాఘమాసం వచ్చిందంటే బెజవాడ చుట్టుపక్కల కల్యాణమండపాల్లో ఫొటోలు తీసే కుర్రాళ్ళకి కంటిమీద కునుకుండదు. పెళ్ళికూతుర్ని చేసే దగ్గర మొదలవుతారు. స్నాతకం, కాశీయాత్ర, జీలకర్రబెల్లం, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, చివరికి అప్పగింతలు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక పడితే పగలూ రాత్రీ వాళ్ళ మెడలోంచి కెమెరా దిగదు. ఆ కెమెరా నికాన్ డి750 అనుకోండి, బ్యాటరీతో కలిపి 840 గ్రాములు. దానికి 70-200 ఎఫ్2.8 లెన్స్ తగిలిస్తే మరో 1,430 గ్రాములు. ఫ్లాష్ సంగతి పక్కన పెట్టినా రెండుంపావు కిలోలు. అంత బరువునీ మోసేది మాత్రం కెమెరాతోపాటు డబ్బాలో ఊరికే వచ్చిన సన్నపాటి బెల్టు. దాని మీద కంపెనీ పేరు పెద్ద పెద్ద అక్షరాలతో కుట్టి ఉంటుంది.

లెన్సుల గురించి గంటల తరబడి వాదించుకునే మనం ఈ బెల్టు గురించి ఎప్పుడూ మాట్లాడుకోం. నాకిది చాలా అన్యాయంగా తోస్తుంది. మెడ లాగేస్తుంటే మనసు ఫొటో మీద నిలవదు. భుజం మండుతుంటే కెమెరా ఎప్పుడు కింద పెడదామా అన్న ఆలోచనే ఉంటుంది. అప్పగింతల వేళ గుమ్మం పక్కకి వెళ్ళి కళ్ళు తుడుచుకునే తండ్రి ముఖం సరిగ్గా అలాంటప్పుడే తప్పిపోతుంది. మనిషి ఎంతసేపు ఓపిగ్గా నిలబడి చూడగలడో నిర్ణయించేది ఈ బెల్టే.

మెడకి తగిలించిన బరువు మనల్ని ముందుకి లాగుతుంది. పడిపోకుండా ఉండటానికి మెడ వెనక, భుజాల మీద కండరాలు గంటల తరబడి బిగుసుకుని ఉండాలి. పైగా ఆ బరువంతా వెన్నుపూస ఎముక పైకి తేలి ఉండేచోట ఒక సన్నటి గీత మీద ఆనుతుంది. అదే బరువుని రెట్టింపు వెడల్పున్న పట్టీ మీద వేస్తే అంగుళానికి పడే ఒత్తిడి సగమవుతుంది. అయితే పట్టీ ఒంటిని అంటుకుని పరుచుకుంటేనే ఈ లెక్క నిజం. గట్టి పట్టీ ఎంత వెడల్పున్నా అంచు మీద నిలబడి కోస్తుంది. అందుకని మెత్తదనం, వెడల్పు రెండూ కలిసి ఉండాలి. వెడల్పు కూడా మితిమీరకూడదు. మూడంగుళాలు దాటితే భుజం వాలు మీద సరిగ్గా కూర్చోదు, చొక్కా కాలర్‌ని మెడకేసి తోస్తుంటుంది. నా మట్టుకు రెండంగుళాలే హాయి.

బరువు ఎలా మొయ్యాలో తెలుసుకోవాలంటే వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల ముందు కాసేపు నిలబడండి. ముఠా కార్మికులు బస్తా ఎత్తుకునేముందు భుజం మీద తువ్వాలు మడత వేస్తారు. ఆ మడత ఎముక మీద ఉండదు, మెడకీ భుజం కొసకీ నడుమ కండ ఉన్నచోట ఉంటుంది. కాస్త దూరం నడిచాక భుజం మారుస్తారు. ఎవరూ పుస్తకంలో రాయని ఈ విద్య మన కళ్ళ ముందే ఉంది. మెడలో వేలాడదీసే కెమెరాని ఎడమ భుజం మీంచి అడ్డంగా కుడి తుంటి దగ్గరికి దించినప్పుడు మనం చేసేదీ ఇదే. బరువు ఎముక మీంచి కండ మీదికి మారుతుంది. ఒంటికి ఆనుకుని ఉంటుంది కాబట్టి నడుస్తుంటే ఊగదు.

అలాగని మెడ బెల్టుని తీసిపారెయ్యలేం. మన ఊళ్ళ స్టూడియోల్లో యాషికా ట్విన్ లెన్స్ కెమెరాలు రాజ్యమేలిన రోజుల్లో దానికి ఇంకో పని ఉండేది. తల వంచి పైనుంచి అద్దంలోకి చూసి తీసే కెమెరా అది. పాత ఫొటోగ్రాఫర్లు బెల్టు మెడలో ఉంచుకుని, కెమెరాని పొట్ట దగ్గర పట్టుకుని కిందికి బిగించి లాగేవారు. ఆ బిగువుకి చేతి వణుకు ఆగిపోయేది. వెలుతురు తక్కువున్న గుడి మండపంలో స్టాండు లేకుండానే సెకనులో ముప్ఫయ్యో వంతు షట్టర్‌తో కదలని బొమ్మ తెచ్చేవారు. ఇప్పటి కెమెరాలో కూడా వెనక తెర చూస్తూ తీసేటప్పుడు చేతులు ముందుకి చాపి బెల్టు బిగిసేలా పట్టుకుంటే అదే ఫలితం ఉంటుంది. అందుకే బెల్టు సాగకూడదు.

సాగుడు మాట వచ్చింది కాబట్టి నియోప్రీన్ సంగతి చెప్పాలి. 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వాళ్ళు కనిపెట్టిన కృత్రిమ రబ్బరు అది. నీళ్ళల్లో దిగి ఈదేవాళ్ళ దుస్తులకి వాడే దాని నురగపొరే కెమెరా బెల్టులకీ వచ్చింది. వేసుకోగానే బరువు సగమైనట్టు ఉంటుంది, నిజమే. అడుగు వేసినప్పుడల్లా పడే కుదుపుని అది సాగి మింగేస్తుంది. చలిదేశాల్లో దాన్ని మించింది లేదేమో. కానీ మన రోహిణి కార్తెలో, సముద్రపు తేమ కలిసిన ఉక్కలో, గాలాడని ఆ రబ్బరు కింద చెమట చేరి ఎటూ పోదు. రెండో రోజుకి మెడచుట్టూ చెమటకాయలు లేస్తాయి. తోలు చూడటానికి అందంగా ఉంటుంది, వాడేకొద్దీ ఒంటికి అలవాటు పడుతుంది. అయితే ఆషాఢం నుంచి కార్తీకం దాకా మన డెల్టాలో బీరువాలో పెట్టిన తోలుకి బూజు పట్టకుండా కాపాడటమే ఒక పని. రంగు సరిగ్గా పట్టని తోలు చెమటకి తెల్లచొక్కా మీద మరక వదులుతుంది. నేను తోలు బెల్టు కొనమని ఎవరికీ చెప్పను.

కారు సీటుబెల్టు పట్టీ మంచి సరుకే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని పీక్ డిజైన్ కంపెనీ అమ్మే స్లైడ్ అనే బెల్టు ఆ తరహా నైలాన్‌తో చేసిందే, వెడల్పు 45 మిల్లీమీటర్లు. నున్నగా ఉంటుంది కాబట్టి కెమెరాని తుంటి దగ్గర్నుంచి కంటికి ఎత్తేటప్పుడు భుజం మీద చక్కగా జారుతుంది. ఆ జారుడుతనమే ఒక్క భుజానికి తగిలించుకున్నప్పుడు శత్రువవుతుంది. అందుకే రెండోవైపు పట్టు ఉండేలా కుట్టారు. ధర వేలల్లో ఉంటుంది. స్టూడియోలో రోజు కూలీకి పనిచేసే కుర్రాడు కొనగలిగింది కాదు.

మరి మన దగ్గర ఏముంది? నవారు ఉంది. మంచాలకి అల్లే నూలు నవారు. పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా ఇంటిల్లిపాదినీ ఏళ్ళ తరబడి మోసిన పట్టీ అది. రెండంగుళాల పైచిలుకు వెడల్పు, మందపాటి నేత, రెండు అంచులూ నేతలోనే మూసుకుని ఉంటాయి కాబట్టి పోగు లేవదు. చెమట పీల్చుకుంటుంది, గాలికి ఆరిపోతుంది. నూలుకి ఇంకో గొప్ప గుణం ఉంది. తడిస్తే దాని బలం పెరుగుతుంది. జనపనార తడిస్తే బలహీనపడుతుంది. వానలో పనిచేసేవాడికి ఈ తేడా చిన్నది కాదు. ఇప్పుడు మంచాల కొట్లలో ఎక్కువగా ప్లాస్టిక్ నవారే ఇస్తారు. అది వద్దు, ఒంటిని కోస్తుంది. తాళ్ళు అమ్మే పాత కొట్లలో అడిగితే నూలుది తీసి చూపిస్తారు.

కొన్న నవారుని వెంటనే కత్తిరించకండి. ఒక రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టి, గంజి పోయేదాకా ఉతికి, నీడలో ఆరబెట్టాలి. నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. ఆ కుంచింపు కొలతకి ముందే జరిగిపోవాలి. ఇక కెమెరా రెండు పక్కలా ఉండే చెవుల్లోకి నవారు దూరదు. అక్కడ సెంటీమీటరు వెడల్పుండే పాలియెస్టర్ పట్టీ కావాలి. నవారు కొసని లోపలికి మడిచి, ఆ మడతలో సన్నపట్టీని రెండంగుళాల మేర దూర్చి, చతురస్రంలా చుట్టూ కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా మళ్ళీ కుట్టాలి. నైలాన్ కొసలకి అగ్గిపుల్ల చూపిస్తే కరిగి అతుక్కుంటాయి. నూలుకి ఆ ఉపాయం కుదరదు, మడత ఒక్కటే దారి. కుట్టేదారం మాత్రం నూలుది వాడొద్దు, పాలియెస్టర్‌దే వాడాలి. మామూలు దర్జీ మిషన్ ఇంత మందం మీద సూది విరగ్గొట్టుకుంటుంది. ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టేవాళ్ళ దగ్గర రెగ్జిన్నీ స్పాంజినీ కలిపి కుట్టే బలమైన మిషన్లు ఉంటాయి. నా బెల్టు అక్కడే కుట్టించాను. కుట్టిన పెద్దాయన పట్టీని రెండు చేతులా పట్టుకుని ఝాడించి లాగి, కుట్టు చూసి, "ఇంకో వరస వేస్తానుండండి, లెన్సులు ఖరీదైనవంటగా" అని అడక్కుండానే మళ్ళీ మిషన్ తొక్కాడు. పనిమీద ఆ గౌరవం నాకెంతో నచ్చింది.

కుట్టించగానే కెమెరా తగిలించకూడదు. ఐదు లీటర్ల నీళ్ళడబ్బా తగిలించి రాత్రంతా వేలాడదీయాలి. పొద్దున్నే నాలుగైదుసార్లు గట్టిగా కుదపాలి. కుట్టు ఒక్క పోగు కదిలినా మళ్ళీ మిషన్ దగ్గరికే.

పొడవు విషయంలో ఇంకొకరి మాట వినకండి. జాకెట్టు కుట్టించేటప్పుడు ఆది జాకెట్టు ఇస్తారు చూడండి, బెల్టుకీ అలా ఒక ఆది చేసుకోవాలి. పాత గుడ్డపీలిక ఒకటి కెమెరాకి కట్టి, ఇంట్లో ఒక పూట తిరగండి. వంగండి, కూర్చోండి, మెట్లెక్కండి. అడ్డంగా వేసుకునేవారికి కుడిచెయ్యి వదులుగా వేలాడేచోట కెమెరా చేతికి అందాలి. కంటికి ఎత్తినప్పుడు పీలిక లాగకూడదు. మెడలో వేసుకునేవారికి కెమెరా బొడ్డుకి పైన ఆగాలి, కిందికి జారితే ప్రతి అడుగుకీ పొట్టకి కొట్టుకుంటుంది. ఇప్పుడు పెళ్ళిళ్ళకి అమ్మాయిలు కూడా కెమెరా పట్టుకుని వస్తున్నారు, సంతోషం. జడ బెల్టు కింద ఇరుక్కోవడం, చున్నీతో పాటు పట్టీ కూడా జారిపోవడం వాళ్ళ కష్టాలు. కొన్న బెల్టులు చాలావరకు మగవాళ్ళ భుజం వెడల్పుని చూసి చేసినట్టే ఉంటాయి. ఆది పెట్టి కుట్టించుకుంటే ఆ బాధ తప్పుతుంది. లోపలివైపు పెడన కలంకారీ గుడ్డ వేయించుకుంటే ఇంకా మెత్తగా ఉంటుంది. కరక్కాయ, పటిక పట్టించి ఉడకబెట్టిన ఆ అద్దకం రంగు చెమటకి అంత తొందరగా వదలదు.

ఆటపాక వెళ్ళి కొల్లేటి గూడబాతుల్ని తీసేవాళ్ళది వేరే లెక్క. 200-500 లెన్స్ ఒక్కటే 2,300 గ్రాములు, కెమెరాతో మూడు కిలోలు దాటుతుంది. అప్పుడు బెల్టు కెమెరా చెవులకి తగిలిస్తే బరువంతా లెన్స్ బిగించే చుట్టు మీద పడుతుంది. లెన్స్ కింద ట్రైపాడ్‌కి బిగించే కాలు ఉంటుంది, బెల్టు అక్కడికే. అక్కడ బిగించే పావంగుళం మర నడకకి మెల్లగా తిరిగి వదులవుతుంది. రబ్బరు వాషర్ వెయ్యండి, పడవ ఎక్కేముందు వేలితో తిప్పి చూడండి. కెమెరా చెవి నుంచి బెల్టుకి ఒక చిన్న అదనపు తాడు కూడా కట్టుకోండి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు, నడుంలోతు నీళ్ళల్లో దిగి పనిచేసిన పత్రికల ఫొటోగ్రాఫర్లని చూశాను. తుంటి దగ్గర వేలాడే బెల్టు అక్కడ పనికిరాదు. కెమెరా గడ్డం కిందికి రావాలి, అదీ ఒక్క లాగుడుతో. కొందరు బెల్టుని మెడకి రెండు చుట్లు చుట్టుకున్నారు. జనం ఆసరా కోసం చేతికందింది పట్టుకునే నీళ్ళల్లో మెడకి అలా చుట్టుకోవడం ప్రమాదం. అందుకే సన్నపట్టీలో పొడవు తగ్గించే బకిల్ తప్పకుండా ఉండాలి. ఆ బకిల్లో పట్టీ కొస బయటికి వేలాడకుండా లోపలి మడతలోంచి దూర్చితే జారదు.

హంసలదీవి వైపు తరచూ వెళ్ళేవారు ఇంకోటి చూసుకోవాలి. సంగమం దగ్గర ఉప్పుగాలికి కెమెరా చెవుల్లోని ఇనుపరింగులు తుప్పు పడతాయి. బెల్టు గట్టిగా ఉండి రింగు తెగితే ఏం లాభం? స్టెయిన్‌లెస్ స్టీల్ రింగులు వేసుకోండి, రెండేళ్ళకోసారి మార్చండి.

స్టూడియో యజమానులకి ఒక మనవి. మీరు లెన్సు మీద లక్షలు పెడతారు. ఆ లెన్సుని పగలూ రాత్రీ మోసే కుర్రాడి బెల్టు ఎలా ఉందో ఒక్కసారి మీ మెడలో వేసుకుని చూడండి. రెండు కెమెరాలు మోయించేటప్పుడు ఒకటి మెడలో, ఒకటి భుజాన వెయ్యకండి. రెండు భుజాలకీ రెండు పట్టీలుండి వీపు మీద కలిసే బెల్టు కుట్టించండి. మీ దగ్గర పనిచేసేవాళ్ళ కొలతలు వేరు వేరు కాబట్టి ఎవరిది వాళ్ళకే కుట్టించి పేరు రాసి ఇవ్వండి. భోజనాల వేళ కెమెరా దించి కూర్చోనివ్వండి. పెళ్ళిళ్ళు అయిపోయాక ఆ బెల్టులు విప్పి, సబ్బునీళ్ళల్లో ఉతికి, నీడన ఆరేసి, కుట్లు ఒకసారి లాగి చూసి మళ్ళీ తగిలించండి.